పని అప్పగించాక చూసేదెవరు?

(రేడియో ప్రసంగానికి అక్షర రూపం)



ఈ వారం విషయం పేరు చెబితే సగంమంది రేడియో కట్టేస్తారేమోనని భయంగా ఉంది. ప్రభుత్వం ఒక పనిని ప్రైవేటు కాంట్రాక్టరుకి అప్పగించాక, ఆ పని ఒప్పందంలో రాసుకున్నట్టు జరుగుతోందో లేదో ఎవరు చూస్తారు, ఎలా చూస్తారు? ఇదీ విషయం. ఆఫీసు ఫైలు వాసన వేస్తోంది కదూ! కానీ హారిస్‌బర్గ్, లాన్సింగ్, శాక్రమెంటో, టల్లహాసీ లాంటి ఊళ్ళ పేర్లు మన ఇళ్ళల్లో వినపడేది అవి రాష్ట్ర రాజధానులని కాదు, “మా తమ్ముడి ప్రాజెక్టు అక్కడే” అని. డ్రైవింగ్ లైసెన్సులు, నిరుద్యోగ భృతి, పిల్లల ఆరోగ్య బీమా, మెడికెయిడ్... వీటి వెనక నడిచే సాఫ్ట్‌వేర్లలో మనవాళ్ళు చెయ్యి వేసినవి తక్కువేం కాదు. కాకపోతే మనం మామూలుగా గొలుసు చివర ఉంటాం. ప్రభుత్వం ఒక పెద్ద కంపెనీకి ఇస్తుంది, అది ఇంకో కంపెనీకి ఇస్తుంది, ఆ కంపెనీ మన కన్సల్టెన్సీకి ఫోన్ చేస్తుంది, మనం శుక్రవారం సాయంత్రం టైమ్‌షీట్ నింపి పంపిస్తాం. పైన ఆ ఒప్పందంలో ఏం రాసుందో మనకి ఎవరూ చెప్పరు, మనమూ అడగం.

రెండోవైపు చూస్తే, ఆ సేవలు వాడుకునేవాళ్ళమూ మనమే. ఈ దేశ పౌరులైన మన పెద్దవాళ్ళలో మెడికెయిడ్ మీద మందులు తెచ్చుకునేవాళ్ళు ఉన్నారు. ఇండియన్ పాస్‌పోర్టు రెన్యూ చేసుకోవాలన్నా ఇప్పుడు కాగితాలు పంపేది కాన్సులేటుకి కాదు, కాన్సులేటు పని అప్పగించిన కంపెనీ సెంటరుకి. కాబట్టి ఇది మనకి సంబంధించని గొడవ అనుకోవడానికి లేదు.

ముందు మనందరికీ తెలిసిన ఉదాహరణతో మొదలుపెడతాను. ఇక్కడ ఉద్యోగం చేసుకుంటూ అక్కడ ఊళ్ళో ఇల్లు కట్టిస్తున్నారనుకోండి. మేస్త్రీ వారం వారం ఫొటోలు పంపిస్తాడు. స్లాబు పడింది, చూసి మురిసిపోతాం. కానీ ఆ స్లాబులో ఇనుము ఎంత వేశారో, పోశాక ఎన్ని రోజులు నీళ్ళు కట్టారో ఫొటోలో కనపడదు. అందుకని బావమరిదిని “ఓసారి వెళ్ళి చూసి రావోయ్” అంటాం. ఇక్కడ మూడు ప్రశ్నలున్నాయి. బావమరిదికి సిమెంటు పని గురించి ఏమైనా తెలుసా? అతను వెళ్ళేది స్లాబు పొయ్యకముందా, పోసేశాకా? అతను “ఇది బాగాలేదు” అంటే మేస్త్రీకి తర్వాతి వాయిదా ఆగుతుందా, లేక మనం ఇక్కణ్ణుంచి పంపించేస్తూనే ఉంటామా? వందల కోట్ల డాలర్ల ప్రభుత్వ కాంట్రాక్టు అయినా అడగవలసినవి ఈ మూడు ప్రశ్నలే. అక్కడ బావమరిదికి పెద్ద పేరు ఉంటుంది, అంతే తేడా.

అమెరికా ఫెడరల్ ప్రభుత్వంలో ఆ పేరు కాంట్రాక్టింగ్ ఆఫీసర్ ప్రతినిధి. ఒప్పందం మీద సంతకం పెట్టే అధికారం, దాన్ని మార్చే అధికారం, అదనంగా డబ్బు ఖర్చు పెట్టమనే అధికారం కాంట్రాక్టింగ్ ఆఫీసరువి. రోజూ పని దగ్గర ఉండి చూసేది ఆ ప్రతినిధి. ఆయన చూడాలే గాని, “ఇది కూడా చేసెయ్యండి, డబ్బు సంగతి తర్వాత చూద్దాం” అనకూడదు. ఏది చూడాలి, ఎలా చూడాలి అన్నది నాణ్యతా పర్యవేక్షణ ప్రణాళిక అనే కాగితంలో రాసుకుంటారు. ప్రతి పనినీ చూస్తారా, వందలో కొన్ని ఏరి చూస్తారా, నెలకోసారి చూస్తారా, జనం దగ్గర్నుంచి వచ్చే ఫిర్యాదుల్ని లెక్కలోకి తీసుకుంటారా, ఇవన్నీ అందులో ఉండాలి. రాష్ట్ర ప్రభుత్వాల్లో పేర్లు మారతాయి గాని పద్ధతి ఇంచుమించు ఇదే.

కాగితం మీద ఇంత శుభ్రంగా ఉన్నది ఎక్కడ చెడుతుంది? దీనికి ఇండియానా కథ కంటే మంచి పాఠం నాకు తెలియదు. కొంచెం వివరంగా చెబుతాను.

2006 నాటికి ఇండియానా సంక్షేమ శాఖ పరిస్థితి ఏమీ బాగాలేదు. ఫుడ్ స్టాంపులు, మెడికెయిడ్, పేద కుటుంబాలకి నగదు సాయం, వీటికి ఎవరు అర్హులో తేల్చే విధానం తప్పులతో, ఆలస్యాలతో, అక్కడక్కడ మోసాలతో నడుస్తోంది. గవర్నరు మిచ్ డేనియల్స్ దాన్ని ఆధునికం చెయ్యాలనుకున్నారు. ఆ ఏడాది డిసెంబరులో ఐబీఎంతో పదేళ్ళకి 130 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. ఏసీఎస్ అనే కంపెనీ దాని కింద పెద్ద సబ్‌కాంట్రాక్టరు. రాష్ట్ర ఉద్యోగులు దాదాపు 1,500 మంది ప్రైవేటు ఉద్యోగులైపోయారు. ఒప్పందం చేటభారతమంత ఉంది. అసలు పాఠమే 160 పేజీలు దాటింది, దానికి అనుబంధాలు వేరే.

మార్పు ఏమిటంటే, అంతకుముందు ప్రతి కుటుంబానికీ కౌంటీ ఆఫీసులో ఒక కేసువర్కరు ఉండేవారు. పేరు తెలుసు, మొహం తెలుసు. “అమ్మా, నీ జీతం చీటీ రాలేదు, రేపు పట్టుకురా” అని చెప్పే మనిషి. కొత్త పద్ధతిలో ఆ మనిషి లేరు. ఫోన్ చేస్తే కాల్ సెంటరు. కాగితాలు మేరియన్ అనే ఊళ్ళో ఉన్న ఒక కేంద్రానికి ఫాక్స్ చెయ్యాలి. అక్కడ వాటిని స్కాన్ చేసి, ఏ కాగితం ఏ కేసుదో కంప్యూటరులో గుర్తుపెట్టాలి. కేసు ఎవరిదీ కాదు, పని ముక్కలు ముక్కలుగా వరసలోకి వస్తుంది, ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళు ఒక ముక్క చేస్తారు. మన ఐటీ వాళ్ళకి ఈ నమూనా చాలా పరిచయం. టికెట్ల పద్ధతి. ప్రింటరు పాడైతే బ్రహ్మాండంగా పనిచేస్తుంది.

2007 అక్టోబరులో మొదట 12 కౌంటీల్లో మొదలుపెట్టారు. రాష్ట్రంలో ఉన్నవి 92. తర్వాత మెల్లిగా 59 కౌంటీల దాకా వెళ్ళారు. ఈలోగా గుర్తు పెట్టని కాగితాలు పేరుకుపోవడం మొదలైంది. 2007 డిసెంబరులో అలాంటివి 11 వేల పైచిలుకు. 2009 ఫిబ్రవరికి దాదాపు 2 లక్షల 83 వేలు. అంటే అవతల మనిషి ఫాక్స్ చేశారు, రసీదు కూడా దాచుకున్నారు, కానీ కంప్యూటరు దృష్టిలో కాగితం రాలేదు. కాగితం రాకపోతే ఏమవుతుంది? “సహకరించడంలో విఫలం” అన్న కారణంతో దరఖాస్తు తిరస్కరిస్తారు, లేదా ఉన్న సాయం ఆపేస్తారు. ఒక కాన్సర్ రోగి ఆసుపత్రిలో ఉండి, అపాయింటుమెంటుకి రాలేనని ముందే ఫోన్ చేసి చెప్పినా, ఇదే కారణంతో ఆమె మెడికెయిడ్ ఆగిపోయింది. ఆమె అప్పీలు చేసుకుంది. అప్పీలు గెలిచింది కూడా. గెలిచేసరికి ఆమె చనిపోయి ఒక్క రోజైంది.

2006 నుంచి 2008 వరకు మూడేళ్ళలో పది లక్షలకి పైగా దరఖాస్తులు తిరస్కరించారు. 2001 నుంచి 2003 వరకు జరిగిన తిరస్కరణల కంటే ఇది 54 శాతం ఎక్కువ.

ఇప్పుడు మన అసలు విషయానికి వద్దాం. ఇంత జరుగుతుంటే ఒప్పందంలో కొలతలు లేవా? ఉన్నాయి. బోలెడున్నాయి. పనితీరు ప్రమాణాలున్నాయి, వాటిలో ముఖ్యమైనవాటికి ముఖ్య సూచికలని పేరు పెట్టి, అందుకోకపోతే ఇంత జరిమానా అని కూడా రాసుకున్నారు. ఫోన్ ఎంతసేపట్లో ఎత్తారు, దరఖాస్తు ఎన్ని రోజుల్లో తేల్చారు, ఇలాంటివి. ఇక్కడే నేను మీ దృష్టికి తేవాలనుకున్న చిన్న మెలిక ఉంది. ఫుడ్ స్టాంపుల దరఖాస్తు మామూలుగా 30 రోజుల్లో తేల్చాలని ఫెడరల్ నిబంధన. తేల్చడం అంటే “అవును” అనైనా సరే, “కాదు” అనైనా సరే. రెండింటికీ గడియారం ఆగుతుంది. ఇరవై తొమ్మిదో రోజున కాగితం కోసం వెతికి, ఆ ఇంటికి ఫోన్ చేసి, నలభయ్యో రోజున సరైన నిర్ణయం తీసుకున్న ఉద్యోగి లెక్కల్లో ఆలస్యం చేసినట్టు. ఇరవై తొమ్మిదో రోజున “సహకరించలేదు” అని కొట్టేసిన ఉద్యోగి సమయానికి పని చేసినట్టు. గడువు అంకెల కోసం కేసులు కొట్టేసి, మళ్ళీ దరఖాస్తు పెట్టుకోమని పంపించేవారన్న ఆరోపణలు అక్కడ గట్టిగానే వచ్చాయి. ఆ ఉద్యోగులు చెడ్డవాళ్ళని నేను అనను. ఏది కొలుస్తారో దానికి తగ్గట్టు మనిషి సర్దుకుంటాడు. మనమూ అంతే.

మరి ఇది తప్పు దారిలో పోతోందని కాంట్రాక్టరు లెక్కల్లో కాకుండా ఇంకెక్కడైనా కనపడే అవకాశం ఉందా? ఉంది. ఫుడ్ స్టాంపుల పథకంలో నాణ్యతా తనిఖీ అని ఒక పాత పద్ధతి ఉంది. ప్రతి రాష్ట్రమూ కొన్ని కేసుల్ని యాదృచ్ఛికంగా ఏరి, మొదట్నుంచి తిరిగి పరీక్షించాలి. అందులో కొన్నిటిని ఫెడరల్ అధికారులు మళ్ళీ చూస్తారు. రెండు రకాల తప్పులు పట్టుకుంటారు. ఇవ్వకూడనివాళ్ళకి ఇవ్వడం, లేదా ఇవ్వాల్సినదానికి ఎక్కువ తక్కువలుగా ఇవ్వడం ఒకటి. అర్హులైనవాళ్ళని కాదనడం రెండోది. ఇండియానాలో ఈ తప్పులన్నీ కలిపితే 2006లో 5.9 శాతం. 2008కి 19.4 శాతం. పెరిగినదాంట్లో ఎక్కువ భాగం రెండో రకమే, అంటే తప్పుగా కాదనడం. ఫోన్ ఎన్ని సెకన్లలో ఎత్తారో చెప్పే పట్టికలో ఈ సంగతి ఎన్నటికీ కనపడదు. పని చేసినవాడి చేతిలో లేని కొలత, కేసును మొదట్నుంచి విప్పి చూసే కొలత ఉంది కాబట్టి కనపడింది.

కనపడ్డాక ఎంత త్వరగా కదిలారన్నది ఇంకో ప్రశ్న. 2008లో వరదలొచ్చాయి, ఆర్థిక మాంద్యం వచ్చింది, దరఖాస్తులు ఉప్పెనలా పెరిగాయి. అదీ నిజమే, కాంట్రాక్టరు చెప్పుకున్న కారణాల్లో అదొకటి. 2009 మొదట్లో విస్తరణ ఆపారు. తర్వాత దిద్దుబాటు ప్రణాళిక ఇమ్మన్నారు. అక్టోబరులో గవర్నరు ఒప్పందం రద్దు చేశారు, ఆ ఆలోచనే ఆచరణకి నిలవలేదని ఒప్పుకున్నారు. పదేళ్ళ ఒప్పందం మూడేళ్ళు నిండకుండానే పోయింది. తర్వాత స్థానిక ఆఫీసుల్లో మనుషుల్ని పెట్టి, కొంత కంప్యూటరు కొంత మనిషి అన్న మిశ్రమ పద్ధతికి మళ్ళారు.

ఆ తర్వాత కోర్టు. రాష్ట్రం ఐబీఎం మీద, ఐబీఎం రాష్ట్రం మీద. 2012లో కింది కోర్టు ఐబీఎం వైపు తీర్పిచ్చింది. లోపాలున్నా రాష్ట్రానికి చాలా ప్రయోజనాలు కూడా అందాయి కాబట్టి ఒప్పందం మొత్తంగా ఉల్లంఘించినట్టు కాదు అని దాని లెక్క. గవర్నరు, శాఖ అధికారులు ఆ ప్రాజెక్టు బాగుందని బయట మెచ్చుకున్న మాటలు కూడా రాష్ట్రానికి అడ్డం వచ్చాయి. ఇది ప్రతి ప్రాజెక్టు మేనేజరూ గుర్తు పెట్టుకోవలసిన సంగతి. మీటింగులో మొహమాటానికి “గ్రేట్ జాబ్” అన్నది ఆరేళ్ళ తర్వాత సాక్ష్యం అవుతుంది. 2016లో ఇండియానా సుప్రీంకోర్టు దాన్ని తిప్పేసింది. ప్రయోజనాలు కలిగాయా లేదా అన్నది కాదు, ఒప్పందంలో ఇద్దరూ ఒప్పుకున్న పనితీరు ప్రమాణాల ప్రకారం చేశారా అన్నదే కొలబద్ద అంది. ఆ లెక్కన ఉల్లంఘన జరిగిందని తేల్చింది. 2017లో నష్టపరిహారం లెక్కగట్టారు. ఐబీఎం రాష్ట్రానికి దాదాపు 12 కోట్ల 80 లక్షల డాలర్లు, రాష్ట్రం ఐబీఎంకి దాదాపు 4 కోట్ల 95 లక్షలు బాకీ. తీసెయ్యగా రాష్ట్రానికి రావలసింది 7 కోట్ల 80 లక్షల పైచిలుకు. 2019లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. రద్దు చేసినది 2009, తేలినది 2019. మందులు ఆగిపోయినవాళ్ళకి ఈ డబ్బుతో సంబంధం లేదు.

ఇంకో తీర్పు కూడా ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. 2012లోనే అదే సుప్రీంకోర్టు, “సహకరించలేదు” అని అచ్చు గుద్దినట్టు పంపిస్తే చాలదు, ఏ కాగితం లోపించిందో మనిషికి అర్థమయ్యేటట్టు చెప్పాలి, అది రాజ్యాంగం ఇచ్చిన హక్కు అంది. సాఫ్ట్‌వేరు రాసేవాళ్ళకి ఇది డ్రాప్‌డౌన్ జాబితాలో ఒక కోడు. అవతల వాళ్ళకి అది ఇంట్లో బియ్యం.

ఐబీఎం ఒక్కటే దోషి, ప్రభుత్వం అమాయకురాలు అని నేను చెప్పడం లేదు. 1,500 మంది అనుభవం ఉన్న ఉద్యోగుల్ని అవతలి వైపుకి పంపించేశాక, పని ఎలా ఉందో చూసి చెప్పగలిగిన కన్ను ప్రభుత్వం దగ్గర ఎంత మిగిలింది? పని చేసే చేతిని అద్దెకి తీసుకోవచ్చు. చూసే కన్నుని కూడా అద్దెకిచ్చేస్తే కాంట్రాక్టరు చెప్పిందే వినాలి. ఇది నా అభిప్రాయం, మీరు ఒప్పుకోకపోవచ్చు.

అయితే అనుభవం ఉన్న ఫెడరల్ శాఖలు మెరుగ్గా చేస్తాయా అంటే, 2013 అక్టోబరు 1న మొదలైన హెల్త్‌కేర్ డాట్ గవ్ గుర్తు చేసుకోండి. మొదటి రోజు బీమా తీసుకోగలిగినవాళ్ళు ఆరుగురు. ఆరు లక్షలు కాదు, ఆరుగురే. ఆ సైటు ప్రధాన భాగం సీజీఐ ఫెడరల్ చేసింది, డేటా హబ్ క్యూఎస్ఎస్ఐ చేసింది. చూడవలసినది మెడికేర్, మెడికెయిడ్ సేవల కేంద్రం. 2014 జులైలో కాంగ్రెసు తరఫున లెక్కలు తనిఖీ చేసే సంస్థ, జీఏఓ, దీని మీద నివేదిక ఇచ్చింది. నాకు అందులో నచ్చినది ఏమిటంటే, ప్రోగ్రాము బాగా రాశారా లేదా అన్న గొడవలోకి పోకుండా పర్యవేక్షణ ఎలా జరిగిందన్నది చూసింది. సైటు ప్రధాన భాగం ఖర్చు 2011 సెప్టెంబరులో 5 కోట్ల 60 లక్షల డాలర్లు ఉన్నది 2014 ఫిబ్రవరికి 20 కోట్ల 90 లక్షలు దాటింది. ఏం కావాలో తెలియకుండానే పని మొదలుపెట్టారు, పైగా ఖర్చయినంతా ఇచ్చే రకం ఒప్పందం. నేను ఇందాక చెప్పిన పర్యవేక్షణ ప్రణాళిక తయారైంది గాని దాన్ని వాడలేదు. కాంట్రాక్టరుకి పని చెప్పే అధికారం ఎవరికుందో స్పష్టంగా లేక, అధికారం లేని సిబ్బంది అదనపు పనులు చెప్పిన సందర్భాలు 40 దాకా తేలాయి. వాటి విలువ 3 కోట్ల డాలర్ల పైనే. సైటు సిద్ధంగా ఉందా లేదా అని మార్చిలో చూడవలసిన సమీక్షని సెప్టెంబరుకి జరిపారు, అంటే స్లాబు పోసేశాక బావమరిది వెళ్ళినట్టు. చివరికి పనితీరు బాగాలేదని ఆపిన ఫీజు ఎంతో తెలుసా? 2 లక్షల 67 వేల డాలర్లు. ఇచ్చిన ఫీజులో రెండు శాతం.

బాగుచేసిన పద్ధతి కూడా చెప్పుకోవాలి కదా. అక్టోబరు చివర్లో బయటి నుంచి ఇంజనీర్లు వచ్చారు. వాళ్ళు చూసి ఆశ్చర్యపోయినది, సైటు ఈ నిమిషంలో ఎలా ఉందో అందరూ ఒకేచోట చూడగలిగిన తెర ఒక్కటి కూడా లేకపోవడం. ముందు అది పెట్టారు. అన్ని కంపెనీలవాళ్ళనీ ఒకే గదిలో, రోజూ పొద్దున్నా సాయంత్రం కూర్చోబెట్టారు. తప్పెవరిదన్నది ఇక్కడొద్దు, విషయం తెలిసినవాడు మాట్లాడాలి గాని పెద్ద హోదా ఉన్నవాడు కాదు అన్నారు. డిసెంబరు 1 నాటికి పేజీ తెరుచుకునే సమయం 8 సెకన్ల నుంచి ఒక సెకను లోపుకి వచ్చింది. తప్పుల శాతం 6 నుంచి ఒకటి కన్నా తక్కువకి దిగింది. కొలిచినవి ఏమిటో గమనించారా? ఎన్ని గంటలు పనిచేశాం, ఎన్ని డాక్యుమెంట్లు ఇచ్చాం అన్నవి కావు. ఇంట్లో కూర్చుని బటను నొక్కే మనిషికి ఏం కనపడుతోంది అన్నది.

మన ఇండియాలో దీనికి ఒక మంచి ఉదాహరణ ఉంది, మీ అమ్మానాన్నలు చూసే ఉంటారు. పాస్‌పోర్టు సేవా కేంద్రం. 2008లో ఆ పని టీసీఎస్‌కి ఇచ్చారు. హైదరాబాదులో బేగంపేటలోనో, విశాఖలోనో కేంద్రానికి వెళ్తే ఎ, బి, సి అని మూడు కౌంటర్లు ఉంటాయి. ఎ కౌంటరులో కాగితాలు తీసుకుని, ఫొటో, వేలిముద్రలు తీసుకునేది కంపెనీ సిబ్బంది. బి లో కాగితాలు పరిశీలించేది, సి లో పాస్‌పోర్టు ఇవ్వవచ్చని నిర్ణయించేది ప్రభుత్వ అధికారులు. క్యూలు, కంప్యూటర్లు, ఏసీ కంపెనీ బాధ్యత. “అవును”, “కాదు” అన్న మాట మాత్రం ప్రభుత్వానిది. ఇందులో లోపాలే లేవనను, అపాయింటుమెంట్ల కోసం అవస్థపడ్డవాళ్ళు చాలామంది ఉన్నారు. కానీ ఏది అప్పగించవచ్చు, ఏది అప్పగించకూడదు అన్న గీత ఆ హాల్లో కంటికి కనపడేటట్టు గీశారు. ఇండియానాలో ఆ గీత కాగితం మీద ఉంది. అంతిమ నిర్ణయం రాష్ట్ర ఉద్యోగులదే అని ఒప్పందం. కానీ కాగితాలన్నీ పోగుచేసి, కేసు ఇలా ఉందని తయారుచేసి పంపించేది కాంట్రాక్టరు అయితే, రోజుకి అన్నేసి కేసుల మీద సంతకం పెట్టే ఉద్యోగి విడిగా చూడగలిగేది ఎంత?

ఇక ఇలాంటి ప్రాజెక్టుల్లో పనిచేస్తున్న తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి రెండు మాటలు. మీరు చేరిన వారంలో ఆ ఒప్పందంలోని పనుల వివరణ, సర్వీసు ప్రమాణాల పట్టిక చూపించమని అడగండి. ప్రభుత్వ ఒప్పందాలు చాలా రాష్ట్రాల్లో బహిరంగ పత్రాలే, వెబ్‌సైటులోనే దొరుకుతాయి. మీరు రాసే ప్రోగ్రాము ఆ పట్టికలో ఏ గడిలోకి వెళ్తుందో తెలిస్తే పని తీరే మారుతుంది. స్టేటస్ రిపోర్టు సంగతి చెప్పనక్కరలేదు. నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో, పేరు అనవసరం, వారం వారం అన్ని గడుల్లో ఆకుపచ్చ చుక్కలే. టెస్టులు దాదాపు అన్నీ పూర్తి అని రాసేవారు. మిగిలిపోయిన ఆ కొన్ని ఏమిటయ్యా అంటే, నెలాఖరున లబ్ధిదారులకి ఉత్తరాలు తయారుచేసే బ్యాచ్ ప్రోగ్రామువి. అన్నిటికన్నా కష్టమైనవి కాబట్టే మిగిలాయి. మేడిపండు రిపోర్టు అంటే అదే. దాన్ని విప్పి చూసింది మా కంపెనీ కాదు, ప్రభుత్వం విడిగా పెట్టుకున్న స్వతంత్ర పరిశీలకులు. పెద్ద ప్రాజెక్టుల్లో ఇలా మూడో కంపెనీని పెడతారు. మనవాళ్ళు వాళ్ళని చూస్తే పోలీసుల్ని చూసినట్టు చూస్తారు. వాళ్ళడిగిన వివరాలు వాళ్ళకి చూపించండి. ఒకవేళ మిమ్మల్ని ఏదైనా దాచమంటే, అడిగిన మనిషిని ఆ మాట ఈమెయిల్లో రాసి పంపించమనండి. చాలాసార్లు గొడవ అక్కడితో ఆగిపోతుంది. వీసా మీద ఉన్నవాళ్ళకి నోరు విప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే ఎదిరించమని చెప్పడం లేదు, రాయించుకోమంటున్నాను.

సేవలు వాడుకునేవాళ్ళకి: మీ ఇంట్లో పెద్దవాళ్ళకి మెడికెయిడ్ గాని ఫుడ్ స్టాంపులు గాని ఆపేస్తున్నామని ఉత్తరం వస్తే, కాల్ సెంటరుకి ఫోన్ చేసి, వాళ్ళేదో అంటే సరేనని పెట్టెయ్యకండి. ఫోన్ చేసిన ప్రతిసారీ రిఫరెన్సు నంబరు, మాట్లాడినవాళ్ళ పేరు, టైము రాసుకోండి. ఆ ఉత్తరంలోనే ఫెయిర్ హియరింగ్ అడిగే హక్కు గురించి ఉంటుంది, మామూలుగా వెనక వైపు చిన్న అక్షరాల్లో. ఫుడ్ స్టాంపులకి దానికి గడువు 90 రోజులు. మెడికెయిడ్‌కి రాష్ట్రాన్నిబట్టి మారుతుంది, తక్కువ కూడా ఉండొచ్చు, ఉత్తరంలో చూసుకోండి. ఆపేస్తామన్న తేదీ రాకముందే హియరింగ్ అడిగితే, తేలేవరకు సాయం కొనసాగించమని అడగవచ్చు. అయితే ఓడిపోతే ఆ మధ్యలో పొందినది తిరిగి కట్టమనే అవకాశం ఉంది, అది కూడా తెలిసి ఉండాలి. హియరింగ్ అడిగేవాళ్ళు తక్కువ. అడిగిన ప్రతి కేసూ మాత్రం ప్రభుత్వం లెక్కలోకి ఎక్కుతుంది. అది కాంట్రాక్టరు తయారుచేసిన పట్టిక కాదు. ఉత్తరం వచ్చిన కవరు పారెయ్యకండి, దాని మీద పోస్టు ముద్ర తేదీ ఒక్కోసారి పనికొస్తుంది.

ఇప్పటికే ఇద్దరు ముగ్గురు లైన్లో ఉన్నారని మన వ్యాఖ్యాత గారు సైగ చేస్తున్నారు. ఫోన్లు తీసుకుందాం.